గొళ్ళెం లేని తలుపు

పాండురంగా, నీకు జయం. ఇటుక మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తూ విసుగన్నది ఎరుగనివాడా, నీకు దండం. పటేలు వచ్చినా పాలేరు వచ్చినా అవే పాదాలు చూపించేవాడా, నీకు దండం. నా నోటికి నీ నామం ఇచ్చావు. ఆ నోటితోనే నేను ఒక అబద్ధం ఆడాను. నామం చెప్పుకున్న ప్రతి పొద్దూ ఆ అబద్ధం నా పక్కనే కూర్చుని విన్నది.

చదువుతున్న అన్నా, అక్కా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇరవై ఏళ్లకు పైగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. భజన మండలిలో చెప్పలేదు. ఆ బరువు ఎంతంటే రెండు మాటలు. "లేదు సార్." అంతే. రెండు మాటలు ఇంత బరువు ఉంటాయా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను.

నేను పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. తొంభైల మొదట్లో, బోధన్ చుట్టూ చెరుకు పండే ఊళ్లలో ఒక స్టేషన్‌కు రైటర్‌గా ఉన్నాను. ఏ ఊరో రాయను. రైటర్ అంటే స్టేషన్‌లో రాతపని అంతా చూసేవాడు. ఎవరు ఏ డ్యూటీకి పోయారు, ఎప్పుడు తిరిగి వచ్చారు, ఎవరు గేటు దాటారు, అన్నీ స్టేషన్ డైరీలో రాసేది అతనే. ఎస్సై లేని సమయంలో బయటికి పోవాలంటే అతనికి చెప్పి పోవాలి.

మా ఇంట్లో విఠలుని భక్తి నాకంటే ముందు రెండు తరాలది. మా బాపు మరాఠీ పోథి, అంటే భక్తి గ్రంథం, చదివి తెలుగులో అర్థం చెప్పేవాడు. ఏడేళ్లప్పుడు నా మెడలో తులసిమాల పడింది. మా మండలిలో ఒక ఆచారం ఉంది. కీర్తన ముగిశాక అందరం ఒకరి పాదాలు ఒకరం తాకుతాం. వయసు చూడం, కులం చూడం, ఆడా మగా చూడం. అత్త కోడలి పాదాలు తాకుతుంది. భూమి ఉన్నవాడు ఆ భూమిలో కూలి చేసేవాని పాదాలు తాకుతాడు. ఎదుటి మనిషిలో నిలబడ్డది విఠలుడే కదా అని. చిన్నప్పటి నుంచి ఎన్ని వేల పాదాలు తాకానో లెక్క లేదు.

స్టేషన్‌లో నన్ను "మహారాజ్" అనేవారు. కీర్తన చెప్పేవారిని మా వైపు అలా పిలుస్తారు. అందులో సగం ఎగతాళి, సగం గౌరవం. రెండు సగాలూ నాకు నచ్చేవి. ఎందుకు నచ్చేవి? స్టేషన్‌లో నేను ఒక్కణ్ణే శుభ్రమైనవాణ్ణి అనిపించేది కాబట్టి. బూతు మాట్లాడను. మాంసం ముట్టను, మందు తాగను. ఎవరినీ కొట్టను. ఇవన్నీ నిజమే. ఈ నిజాల వెనకే నేను దాక్కున్నాను.

ఆ సంవత్సరం చెరుకు గానుగ మొదలైన రోజుల్లో మా స్టేషన్‌కు మొదటిసారి ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చింది. ఇక్కడ ఆమెను గంగామణి అంటాను. అది ఆమె అసలు పేరు కాదు. మా జిల్లాలో ఆ పేరు ప్రతి వాడలోనూ ఉంటుంది కాబట్టి ఎంచుకున్నాను. ధర్పల్లి దిక్కు పిల్ల. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. గంగామణి కూడా బీడీలు చుట్టుకుంటూనే చదువుకుంది. తొలిరోజు రోడ్డు మీద చెరుకు బండ్ల బారును సరిచేసి, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో లోపలికి వస్తే, బ్యారక్ అరుగు మీద కూర్చున్న ఒక కానిస్టేబుల్ అడిగాడు.

"ఏం గంగామణీ, లాఠీ పడ్తవా, బీడీలు సుడ్తవా?"

"రెండు పనులూ వస్తయన్నా. నీకు రెండిట్ల ఏదొస్తది?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమెకు అలా బదులు చెప్పే నోరు ఉండేది. ఆ నోరు ఎట్లా మూతపడిందో, దాన్ని మూసిన చేతుల్లో నా చెయ్యి ఏదో, అదే ఇప్పుడు చెప్పాలి.

స్టేషన్ వెనక, బ్యారక్‌కు ఎదురుగా ఒకే ఒక పాయఖానా ఉండేది. రేకు తలుపు. దాని గొళ్ళెం ఎప్పుడో ఊడిపోయింది. మేం మగవాళ్లం లోపల కాలితో తలుపును నొక్కిపట్టి పని కానిచ్చేవాళ్లం. ఎవరికీ అది ఒక విషయంగా తోచలేదు. గంగామణి ఆ వైపు నడిస్తే బ్యారక్‌లోంచి ఒక ఈల వినిపించేది. ఎవరు వేశారో తెలిసేది కాదు. ఈల తర్వాత నవ్వు. ఒకనాడు ఎవరో తలుపు గుంజాడు. "అరె, లోపలెవలున్నరో సూడకపోతి" అంటూ వెనక్కి వచ్చాడు. మళ్లీ నవ్వు. నేను నా గదిలో రాసుకుంటున్నాను. కిటికీ తెరిచే ఉంది. నా కలం ఆగింది. తర్వాత మళ్లీ నడిచింది.

ఆ రోజు నుంచి ఆమె స్టేషన్‌లో మంచినీళ్లు తాగడం మానేసింది. చాయ్ తెప్పిస్తే ఆమె గ్లాసు అట్లనే చల్లారి మీగడ కట్టేది. ఒక ఏకాదశి నాడు ఆ గ్లాసు చూసి ఒకడన్నాడు. "మహారాజ్ సోబతి పట్టి గంగామణి సుత ఉపాసాలు మొదలువెట్టింది." నేను నవ్వాను. ఆ నవ్వు ఇంకా గుర్తుంది. నేను దేవుని కోసం ఉపవాసం ఉన్నాను. ఆమె మా వల్ల ఎండిపోతోంది. ఆ రెండూ ఒకే బల్ల మీద ఎదురెదురుగా ఉన్నాయి, నేను చూడలేదు. చూడలేదా? చూశాను. చూసి కూడా నాది పుణ్యమనుకున్నాను, ఆమెది ఆమె బాధ అనుకున్నాను.

స్టేషన్‌కు ఎదురు గల్లీలో ఒక ముసలమ్మ ఉండేది. అందరూ బీబమ్మ అనేవారు. గంగామణి సంగతి ఆమెకు ఎట్లా అర్థమైందో, ఒకరోజు తనే పిలిచి తన ఇంటి వెనక మరుగుదొడ్డి చూపించిందట. అప్పటి నుంచి గంగామణి పూటకు ఒకసారి అక్కడికి పోయి వచ్చేది. పోయేముందు నాకు చెప్పేది. నేను తల ఊపేవాణ్ణి. డైరీలో మాత్రం రాసేవాణ్ణి కాదు. బయటికి పోయినట్టు రాస్తే కారణం రాయాలి. ఏమని రాయాలి? ఆ రాతకు మా దగ్గర మాట లేదు. ఎస్సై చదువుతాడు, అందరూ చదువుతారు, మళ్లీ ఈలలు. ఆమె మేలు కోసమే రాయలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. రాసి ఉంటే, చదివినవాళ్లు ఆ తలుపు గురించి ఆలోచించవలసి వచ్చేది. ఆ తలనొప్పి నాకు వద్దనిపించింది. అదీ నిజం.

ఎండాకాలంలో ఒక రోజు ఎవరూ లేనప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చింది. "అన్నా, సార్‌కు మీరొక్క మాట చెప్పుండ్రి. ఆ తలుపుకు ఒక గొళ్ళెం వెట్టిస్తే సాలు. మీరు మాలేసుకున్నోళ్లు, మీకు చెప్తే సిగ్గనిపిస్తలేదు."

"సూద్దాం తియ్ చెల్లె" అన్నాను.

చూడలేదు.

తొలి వానలు పడ్డాయి. ఆషాఢ ఏకాదశి దగ్గరికొచ్చింది. పండరికి పోవడానికి నేను సెలవు కాగితం పెట్టుకున్నాను. పోలీసు ఉద్యోగంలో ఆ సెలవు దొరకడం కష్టం. అంతకుముందు మూడేళ్లు దొరకలేదు. ఆ ఏడు ఎట్లాగైనా పోవాలని మొక్కుకున్నాను.

అది నక్సలైట్లు స్టేషన్ల మీద దాడి చేస్తారని భయం ఉన్న కాలం. గేటు దగ్గర ఇసుక బస్తాలు, ముళ్ల కంచె. పై నుంచి హెచ్చరిక వచ్చిన రోజుల్లో చెప్పకుండా గేటు దాటితే పెద్ద తప్పు. అలాంటి ఒక రోజు, పొద్దున పది దాటింది. ఎస్సై నిజామాబాదులో మీటింగుకు పోయాడు. గంగామణి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అన్నా, బీబమ్మ ఇంటిదాంక వోయొస్త."

నేను రాస్తున్నాను. తల ఎత్తలేదు. ఊపాను. ఆమె గేటు దాటి గల్లీలోకి మళ్లడం కిటికీలోంచి కనిపించింది.

ఐదు నిమిషాలు కాలేదు, జీపు ఆగింది. ఎస్సైతో పాటు డీఎస్పీ దిగాడు. చెప్పకుండా తనిఖీకి వచ్చాడు. అందరినీ వరుసలో నిలబెట్టి లెక్కపెట్టాడు. ఒకరు తక్కువ. డీఎస్పీ నలుగురి ముందు ఎస్సైని నిలదీశాడు. ఎస్సై మెడ నరాలు ఉబ్బాయి. నా వైపు తిరిగాడు.

"ఎవ్వలను అడిగి వోయింది?"

నన్ను అడిగే పోయిందని చెప్పడానికి ఒక ఊపిరి చాలు. ఆ ఊపిరి నేను లోపలే పెట్టుకున్నాను. నేను పలకకపోయేసరికి ఎస్సై అన్నాడు. "రాయి. పర్మిషన్ లేకుండ స్టేషన్ ఇడిచివెట్టి వోయింది, రాయి."

రాశాను. నా చేతిరాత బాగుంటుందని పేరు. ఆ వాక్యం కూడా అందంగానే వచ్చింది. సిరా ఆరకముందే ఆమె దస్తీతో చేతులు తుడుచుకుంటూ గేటులోకి వచ్చింది.

పది రోజులకు విచారణ పెట్టారు. ముందురోజు ఎస్సై నన్ను పిలిచాడు. అబద్ధం చెప్పమని అనలేదు. ఆ మాట స్పష్టంగా రాయాలి, ఎందుకంటే తప్పు ఆయన మీదికి తోయాలని నా మనసు ఇప్పటికీ చూస్తుంది. ఆయన అన్నది ఒకటే. "మహారాజ్, నీ సెలవు కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది."

విచారణ చేసింది సర్కిల్ ఇన్‌స్పెక్టర్. చెడ్డవాడు కాదు. ఆమె నోటి నుంచి జవాబు రావాలనే చూశాడు. గదిలో ఆయన, ఎస్సై, రాసుకునే గుమాస్తా, నేను. ఆమె ఒక్కతే ఆడమనిషి.

"ఎక్కడికి వోయినవమ్మా?" అని అడిగాడు.

ఆమె నేల చూసింది. నలుగురు మగవాళ్ల ముందు, గుమాస్తా కలం పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా ఉండగా, ఆమె ఏమని చెప్పాలి? మొదటి రోజు అరుగు మీద అందరినీ నవ్వించిన ఆ నోరు పెగల్లేదు.

"సరే, ఎవలకన్న చెప్పి వోయినవా?"

అప్పుడు తల ఎత్తింది. "రైటరన్నకు చెప్పి పోయిన సార్." నా వైపు చూసింది. భయంగా కాదు. ఇక నేను చెప్తాను, అయిపోతుంది అన్నట్టుగా చూసింది.

ఆయన నన్ను అడిగాడు. "నీకు చెప్పిందా?"

"లేదు సార్."

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత నా మెడ చూశాడు. ఖాకీ చొక్కా పై గుండీ దగ్గర తులసిమాల కనిపిస్తోంది. గంగామణితో అన్నాడు. "మాలేసుకున్న మనిషమ్మా. ఈనె ఎందుకు అబద్ధం చెప్తడు?"

ఆమె మళ్లీ నేల చూసింది.

ఇది నేను దాచింది. మౌనంగా ఉన్నానని కాదు, ఎవరికో భయపడ్డానని కాదు. నీ మాలను, విఠలా, నేను సాక్ష్యానికి నిలబెట్టాను. అది నా కోసం అబద్ధం చెప్పింది. నేను దాని వెనక నిలబడి చూశాను.

మూడో రోజు సెలవు వచ్చింది. పండరికి పోయాను. చివరి నాలుగు మజిలీలు భజన బృందంతో నడిచాను. తెలియని ఊళ్ల మనుషులు నా పాదాలు తాకారు, నేను వాళ్ల పాదాలు తాకాను. ఒక ముసలామె, చెప్పులు లేక మడమలు పగిలిన మనిషి, నాకు దండం పెట్టి "మావులీ" అంది. తల్లీ అని. నేను పాదాలు వెనక్కి తీసుకోలేదు. గర్భగుడిలో స్వామి పాదాల మీద నుదురు ఆనించాను. ఏదో జరుగుతుందనుకున్నాను. ఏడుస్తాననుకున్నాను. రాయి చల్లగా ఉంది. వెనకున్న మనిషి తోశాడు. కదిలాను.

గంగామణికి ఒక ఇంక్రిమెంటు ఆపి, నిజామాబాదుకు బదిలీ చేశారు. ఆమె కంటే ముందు ఆమె మీద రాసిన కాగితం అక్కడికి చేరింది. చెప్పకుండా పోయే మనిషి అని పేరు పడింది. ఆ ఏడాదిలోనే దవాఖానలో పడిందని విన్నాను. నీళ్లు తాగక, ఆపుకుని ఆపుకుని వచ్చిన జబ్బు అన్నారు. తర్వాత రాజీనామా ఇచ్చి ఊరికి పోయిందని, వాళ్లమ్మ పక్కన కూర్చుని మళ్లీ బీడీలు చుడుతోందని తెలిసింది.

ఆమె బదిలీ అయిన నెలకు నేను బోధన్‌లో ఇనుప సామాన్ల దుకాణంలో ఒక గొళ్ళెం కొన్నాను. నేనే బిగించాను. నాలుగు మరలు. పావుగంట పట్టింది. ఆ పావుగంట పని ముందే చేసి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర నేను ఎన్ని తెల్లవారుజాములు కూర్చున్నానో ఆ విఠలునికే తెలుసు.

తర్వాత వచ్చిన ఆడపిల్లలు ఆ తలుపు ముందు నుంచీ అట్లాగే ఉండేదనుకున్నారు. ఎవరో చెప్పారు, మహారాజ్ పెట్టించాడని. వాళ్లు నన్ను మంచోడన్నారు. ఏళ్లు గడిచాయి. నా సర్వీసు చివర్లో, నిజామాబాదులో ఒక హాలులో మాకందరికీ క్లాసు పెట్టారు. తోటి సిబ్బందితో, ముఖ్యంగా ఆడ సిబ్బందితో ఎట్లా మెలగాలన్నది విషయం. చెప్పింది ఒక చిన్న వయసు మేడం. వెక్కిరించేవాళ్లు స్టేషన్‌కు ఇద్దరే ఉంటారు, కానీ మిగతా పదిమంది విననట్టు కూర్చుంటే ఆ ఇద్దరే స్టేషన్ అయిపోతారు, అంది ఆమె. నా చెవులు వేడెక్కాయి. ఇంతలో వెనక నుంచి మా పాత కానిస్టేబుల్ ఒకడు లేచాడు. "మేడం, ఈ మహారాజ్ సార్ ఆ రోజులల్లనే ఆడోళ్ల కోసమని సొంత చేతులతోని గొళ్ళెం వెట్టిండు" అన్నాడు. అతను పొగడాలనే అన్నాడు. ఆ తలుపు గుంజింది అతనేనని నాకు అనుమానం. మేడం చప్పట్లు కొట్టించింది. రెండు మాటలు చెప్పమంది.

నేను లేచాను. చేతులు జోడించాను. గొళ్ళెం గురించి చెప్పాను. గంగామణి గురించి చెప్పలేదు.

ఇది రెండోసారి. మొదటిసారికి సెలవు కాగితం కారణం. రెండోసారికి ఏ కారణమూ లేదు.

పోయిన ఏడు కందకుర్తి దగ్గర ఒక ఊళ్లో వారం రోజుల భజన సప్తాహం జరిగింది. చివరి రోజు కీర్తన అయ్యాక ఆచారం ప్రకారం అందరం వరుసగా కదులుతూ పాదాలు తాకుతున్నాం. వంగుతున్నాను, లేస్తున్నాను. ఒక జత పాదాల దగ్గర వంగబోతూ తల ఎత్తేసరికి ఎదురుగా గంగామణి. జుట్టు నెరిసింది. పక్కన ఆమె బిడ్డ కాబోలు, పద్దెనిమిదేళ్ల పిల్ల.

నేను ఆమె పాదాలు తాకాను. కానీ అందరి పాదాలూ తాకాను కాబట్టి ఆమెవీ తాకాను. అది క్షమాపణ కాదు. జీవితమంతా నమ్మిన ఆచారం ఆ ఒక్క క్షణంలో నాకు అడ్డు నిలబడింది. నేను వంగింది ఆమె కోసమా, వరుస కోసమా? ఆమెకు తెలియదు. నాకే తెలియదు.

ఆమె కూడా వంగి నా పాదాలు తాకింది. లేచి నా మెడలో మాల చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

"పెట్టిండ్రంట గద అన్నా, గొళ్ళెం" అంది.

కోపం లేదు. ప్రేమా లేదు. వెనక జనం కదులుతున్నారు. నా నోట్లో మాట తయారుగా ఉంది. వరుస ఆమెను ముందుకు తీసుకుపోయింది. నేను తర్వాతి మనిషి పాదాల మీదికి వంగాను.

అందుకే రాస్తున్నాను. ఇందులో నా పేరు లేదు, నిజమే. ఆ రోజుల్లో ఆ స్టేషన్‌లో ఉన్నవాళ్లు చదివితే నన్ను గుర్తుపడతారు. పట్టనీ. ఈ కాగితం ఒక ప్రతి, నా పేరూ సంతకంతో, ధర్పల్లి దిక్కు ఆమె ఊరికి పంపుతున్నాను. ఆమె చదువుతుందో, పొయ్యిలో వేస్తుందో ఆమె ఇష్టం. జవాబు అడగలేదు. క్షమించమని రాయలేదు. ఆ మాట రాస్తే మళ్లీ ఆమె మీదే ఒక పని పెట్టినట్టవుతుంది.

ఆ ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు లేడు. ఆ గది కూలగొట్టి కొత్తది కట్టారట. అయినా ఆయన అడిగిన ప్రశ్న ఇంకా అక్కడే నిలబడి ఉంది. నీకు చెప్పిందా?

చెప్పింది సార్. గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. నేను తల ఊపాను. ఎక్కడికి పోతుందో నాకు తెలుసు, ఎందుకు పోతుందో తెలుసు. గొళ్ళెం అడిగింది, నేను పెట్టలేదు.

అన్నా, అక్కా, ఇంతదాకా నాతో కూర్చున్నారు. ఇంకొక్క నిమిషం నాతో దండం పెట్టండి. నా కోసం వద్దు. ఈ పొద్దున ఏదో ఒక స్టేషన్‌లో, ఏదో ఒక ఆఫీసులో, చాయ్ గ్లాసు ముట్టకుండా కూర్చున్న ఆడపిల్ల కోసం పెట్టండి. ఆమె గుమ్మంలోకి వచ్చి చెప్పే మాట వినేవాడు తల ఎత్తి వినేటట్టు చెయ్యి, విఠలా. అడిగిన రోజున ఆ మాట అతని నోటి నుంచి రానియ్యి.